నెమ్మెక్కిన టపాకాయ కథ

తాయిల్పట్టి మీద మబ్బు కమ్మితే ముందుగా కదిలేది ఆడవాళ్ల చేతులే. ఎండకు పరిచిన ఒత్తులూ, కాగితపు గొట్టాలూ, మందు కూరిన టపాకాయలూ తొలి చినుకు పడేలోగా కప్పు కిందికి చేరాలి. పక్క చేలో పత్తి వేసినవాడు అదే మబ్బుకు దణ్ణం పెట్టుకుంటాడు. వాన కోసం ఎదురుచూసే మనిషీ, వానకు జడిసే మనిషీ ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటారు. విరుదునగర్ జిల్లా వెంబకోట్టై తాలూకాలోని పల్లె ఇది. శివకాశి, సాత్తూరు దగ్గర్లోనే ఉంటాయి, ఇంకాస్త దక్షిణానికి పోతే కోవిల్పట్టి. దేశం కాల్చే బాణసంచాలో దాదాపు 90 శాతం శివకాశి చుట్టుపక్కలే తయారవుతుందని ఆ పరిశ్రమ లెక్క. దీపావళికి మన వాకిట్లో పేలిన టపాకాయ ఇలాంటి ఏదో ఒక పల్లెలో ఎండినదే అయ్యుంటుంది.

టపాకాయకు నిప్పు పెడితే మూడు రకాలుగా జరగొచ్చు. పేలుతుంది. లేదా అసలు అంటుకోదు. లేదా అంటుకుంటుంది, చుర్రుమంటుంది, కాస్త పొగ వదులుతుంది, చెవులు మూసుకుని నిలబడ్డ పిల్లలను అలాగే నిలబెట్టి ఊరుకుంటుంది. ఈ మూడోదాన్ని మనం తుస్సుమంది అంటాం. ఇంగ్లీషువాళ్లు ఫిజిల్ అంటారు. అసలు అంటుకోని దానికి వాళ్ల దగ్గర వేరే మాట ఉంది, డడ్ అని. ఫిజిల్ అంటే ఉత్త వైఫల్యం కాదు. మొదలైంది, ఆశ పెట్టింది, చేరవలసిన చోటికి చేరలేకపోయింది. నిప్పు వచ్చింది కానీ చాలినంత రాలేదు. ఈ చాలకపోవడం వెనక మనిషి దేహం, మందుగుండు, బడి, బాంబు అన్నీ ఉన్నాయి. కరిసల్ అని పిలిచే ఈ నల్లరేగడి నేలా ఉంది.

ఫిజిల్ పుట్టుక అంత మర్యాదైనది కాదు. 16వ శతాబ్దపు ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం చప్పుడు లేకుండా అపానవాయువు వదలడం. 1601లో ఫిలేమన్ హాలండ్ అనే పండితుడు రోమన్ రచయిత ప్లినీ ప్రకృతి గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, ఒక మొక్క తిన్న గాడిదల అవస్థను చెప్పడానికి ఈ మాటే వాడాడు. దాని వేరు ఇంకా పాతది, ఉత్తర ఐరోపా భాషలు చాలావాటిలో దాని చుట్టాలు ఇప్పటికీ అదే అర్థంతో బతికి ఉన్నాయి. ఇంగ్లీషులో తడి పుల్ల మంటలో బుసకొట్టిన చప్పుడుకూ, కాగిన ఇనుము నీటిలో మునిగిన చప్పుడుకూ ఈ మాట మళ్లింది ఆ తర్వాతే. మందుగుండుకు ఇలాంటి పుట్టుక కొత్త కాదు. కోట తలుపులు పగలగొట్టడానికి ఐరోపా సైనికులు వాడిన పెటార్డ్ అనే బాంబు పేరు కూడా ఫ్రెంచిలో అపానవాయువు నుంచి వచ్చిందే.

మనం మాత్రం వేరుగా ఉన్నామా? తుస్సు అన్న మాట తెలుగు పిల్లలు ముందు ఏ అర్థంలో నేర్చుకుంటారో తల్లులందరికీ తెలుసు. టపాకాయకు అది ఆ తర్వాత అంటుకుంటుంది. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే దారిన నడిచాయి. తుస్సుమన్నదానికి పెద్దమనుషుల మధ్య వాడే మాట మరొకటుంది మనకు, నీరుగారడం. ఉద్యమం నీరుగారుతుంది, కేసు నీరుగారుతుంది, ఉత్సాహం నీరుగారుతుంది. తమిళంలో పుస్వాణం అంటే మన చిచ్చుబుడ్డి. ఎత్తుకు లేచి చప్పున ఆరిపోయే ఆ వెలుగు చూసి, ఏ పనైనా సగంలో చల్లబడితే పుస్వాణమైపోయింది అంటారు తమిళులు. చెమ్మ తగిలి చెడిన టపాకాయకు వాళ్లకు విడిగా మాట ఉంది. మనకు నెమ్మెక్కిన టపాకాయ ఉంది. బాణసంచా చేసే నేలమీద ఈ రెండు భాషలూ పక్కపక్కనే వినిపిస్తాయి.

ఇంగ్లాండులో టపాకాయలు కాల్చే పండుగ నవంబరు 5న వస్తుంది. 1605లో గై ఫాక్స్, అతని సహచరులు పార్లమెంటు కింది గదిలో దాచిన 36 పీపాల మందు దొరికిపోయిన రోజు అది. ఆ మందును లండన్ టవర్‌కు చేర్చినప్పుడు అది పాడైపోయిందని అక్కడి లెక్కల్లో రాసుకున్నారు. దొరక్కపోయి ఉంటే అది ఎంతవరకు పేలేదన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఇంగ్లాండు నవంబరు తడి నెల. స్క్విబ్ అంటే చిన్న టపాకాయ, 16వ శతాబ్దం నాటి మాట. ఆ తడిలో ఎన్ని స్క్విబ్‌లు తుస్సుమన్నాయో గానీ, 19వ శతాబ్దానికి డాంప్ స్క్విబ్ అనేది ఆశ పెట్టి ఉసూరుమనిపించిన ప్రతిదానికీ పేరైంది. చెకుముకి తుపాకుల కాలం ఇంకొక పలుకుబడిని ఇచ్చింది. తుపాకీ పక్కనున్న చిన్న పళ్లెంలో పోసిన మందు భగ్గుమనేది, ఆ నిప్పు లోపలి గొట్టం దాకా పోయేది కాదు, గుండు కదిలేది కాదు. ఫ్లాష్ ఇన్ ద పాన్ అన్నది ఆ పళ్లెంలోని మెరుపే.

ఫిజిల్‌కు ఇవాళ్టి అర్థం స్థిరపడింది బడిలో. 1840లలో అమెరికాలోని యేల్ కళాశాల కుర్రాళ్లు, పాఠం అప్పజెప్పమన్నప్పుడు లేచి నిలబడి, రెండు ముక్కలు చెప్పి, తడబడి, కూర్చునేవాణ్ని ఫిజిల్ అయ్యాడనేవారు. ఏమీ చెప్పలేనివాడికి ఫ్లంక్ అనే వేరే మాట ఉండేది. బెంజమిన్ హాల్ అనే ఆయన 1851లో అచ్చువేసిన కళాశాల మాటల పుస్తకంలో ఈ తేడా నమోదైంది. ఆ కుర్రాళ్ల మీద నాకు గౌరవం. సున్నా వేరు, చాలకపోవడం వేరు అని వాళ్లకు తెలుసు. చాలకపోయినవాడి దగ్గర కొంత సరుకు ఉంది, అది బయటికి రాకుండా ఏదో అడ్డుపడింది. ఆ అడ్డం ఏమిటో కనిపెట్టవచ్చు, తీసేయవచ్చు. మందుగుండు చరిత్ర అంతా ఆ అడ్డాన్ని వెతికిన చరిత్రే.

నల్లమందులో మూడే సరుకులు. నూటికి సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 బొగ్గుపొడి, 10 గంధకం. సూరేకారానికి మన పాత పేరు పెట్లుప్పు, అంటే పేలే ఉప్పు. తమిళులదీ అదే అర్థం, వెడియుప్పు. సూరేకారం మండటానికి కావలసిన ప్రాణవాయువును తనలోనే దాచుకుంటుంది, అందుకే మూసిన గొట్టంలో గాలి లేకపోయినా మందు మండుతుంది. మంట ఒక రేణువు నుంచి పక్క రేణువుకు ఎంత వేగంగా దూకితే అంత జోరుగా వాయువు పుడుతుంది, ఆ వాయువు గొట్టాన్ని చీల్చినప్పుడు వచ్చేదే చప్పుడు. మధ్యలో తేమ ఉంటే వేడిలో కొంత ఆ తేమను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పక్క రేణువుకు అందే వేడి తగ్గుతుంది, దూకుడు నడకవుతుంది. వాయువు నెమ్మదిగా పుట్టి, ఒత్తి దూర్చిన రంధ్రం గుండానే జారుకుంటుంది. గొట్టం చీలదు. మనకు వినిపించే తుస్సు ఆ వాయువు జారుకునే చప్పుడే.

తేమ ఎక్కడి నుంచి వస్తుంది? గాలి నుంచి మాత్రమే అనుకుంటే పొరపాటు. శుద్ధమైన సూరేకారం తేమను అంతగా పీల్చదు. దానితో కలిసి వచ్చే ఇతర లవణాలే గాలిలోని నీటిని లాగుతాయి. బీహార్‌లో నూనియా కులంవాళ్లు పాత గోడల దగ్గర, పశువుల కొట్టాల దగ్గర ఉప్పెక్కిన మట్టిని గీకి, నీటిలో నానబెట్టి, మరగకాచి సూరేకారం తీసేవారు. 17వ శతాబ్దం నుంచి డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ పాట్నా నుంచి ఓడలకొద్దీ దాన్ని తీసుకుపోయారు. ఐరోపా యుద్ధాల్లో పేలిన మందులో పెద్ద పాలు మన నేల ఉప్పే. దాన్ని మళ్లీ మళ్లీ కరిగించి, పేరబెట్టి, మలినాలు పోగొట్టడమే తుస్సు మీద మనిషి గెలిచిన మొదటి గెలుపు.

రెండో గెలుపు చేతివాటంలో ఉంది. మెత్తటి పొడిగా ఉన్న మందు బండి కుదుపులకు విడిపోయేది, బరువైన సరుకు అడుక్కీ తేలికైనది పైకీ చేరేది. పైగా మెత్తటి పొడి తేమను తొందరగా పట్టేది. 15వ శతాబ్దం నాటికి ఐరోపా పనివాళ్లు మందును తడిపి, ముద్దచేసి, ఆరబెట్టి, జల్లించి గింజలుగా చేయడం నేర్చారు. పిండికీ రవ్వకూ ఉన్న తేడా ఇది. గింజల మధ్య ఖాళీల గుండా మంట చకచకా పరుగెత్తుతుంది, గింజ లోపలికి తేమ అంత తేలిగ్గా దిగదు. మూడోది ఒత్తి. ఇంగ్లాండులోని కార్న్‌వాల్ గనుల్లో రాతిని పేల్చడానికి పెట్టిన మందు ఆలస్యంగా పేలి, చూడటానికి తిరిగి వెళ్లిన మనుషులను చంపుతుంటే, విలియం బిక్‌ఫర్డ్ 1831లో కొత్త ఒత్తి తయారుచేశాడు. నడుమ సన్నని మందు దారం, చుట్టూ నార అల్లిక, పైన నీరు దిగని పూత. ఒక అడుగు కాలడానికి దాదాపు అర నిమిషం. తడి గనిలోనూ అది ఆగేది కాదు, ముందుగానూ పోయేది కాదు.

తుస్సు ప్రాణాంతకమయ్యేది ఇక్కడే. పేలనిది పేలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. దీపావళి మర్నాడు ఆసుపత్రులకు కాలిన చేతులతో వచ్చే పిల్లల్లో తుస్సుమన్న టపాకాయను చూడటానికి వంగినవాళ్లు, దాన్ని మళ్లీ అంటించబోయినవాళ్లు ఉంటారు. లోపల నిప్పు పాకుతూనే ఉండవచ్చు. అలాంటిదాన్ని చేత్తో తాకకుండా దూరం నుంచే నీళ్లతో బాగా తడపాలి.

ఇక మన తెలుగువాళ్ల దగ్గరికి వస్తాను. 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరంలో మహానవమి పండుగ చూసి, అక్కడి బాణసంచా గురించి రాసిపెట్టాడు. కళింగ గజపతి ప్రతాపరుద్రుడి పేరుమీద ఉన్న కౌతుకచింతామణి అనే సంస్కృత గ్రంథంలో రకరకాల బాణసంచా తయారీ పాళ్లు ఉన్నాయి. సూరేకారం, గంధకం, బొగ్గుతోపాటు ఇనుప రజను కూడా అందులో ఉంది. మన చిచ్చుబుడ్డి నుంచి బంగారు రంగు నిప్పురవ్వలు రాలేది ఇనుము మండటం వల్లనే. పండితుడు పి.కె. గోడే భారతదేశంలో బాణసంచా చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఈ ఆధారాలను ఒకచోటికి చేర్చారు. ఆ పుస్తకం చదివితే ఈ విద్య మనకు నిన్నమొన్న వచ్చింది కాదని తెలుస్తుంది.

విజయనగరం, మదురై నాయకుల కాలంలో తెలుగు కుటుంబాలు దక్షిణానికి నడిచి, ఇప్పటి కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడిలో స్థిరపడ్డాయి. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన పాంచాలంకురిచి పాళెగాడు కట్టబొమ్మన తెలుగు ఇంటివాడే. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగు కుటుంబం నుంచి వచ్చి తమిళ కథకు కరిసల్ నేల వాసన తెచ్చారు. ఆయన గోపల్ల గ్రామం నవల ఆ వలసల కథే. ఆ నేల పలుకుబడికి ఒక నిఘంటువు కూడా కూర్చారు. తెలుగు ఇంట్లో పెరిగిన మనిషి పక్క భాషలోని పల్లె మాటలన్నిటినీ అంత ప్రేమగా ఏరి దాచడం, నా దృష్టిలో, రెండు భాషలకూ దక్కిన వరం. 1991లో ఆయనకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, 2021 మే నెలలో కన్నుమూశారు.

ఈ నేల కష్టం వానే. పడమటి కనుమల వెనక వాననీడలో ఉన్న ప్రాంతం ఇది. విరుదునగర్ జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో సగం పైగా ఈశాన్య రుతుపవనాలతో చివరి మూడు నెలల్లోనే పడుతుంది. అదీ ఒక ఏడు వచ్చి ఒక ఏడు రాక. నైరుతి మబ్బులు కనుమల అవతలే బరువు దించుకుని, ఇక్కడికి ఉత్త గాలిగా వస్తాయి. వాన ఉరుముతుంది, నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోతుంది. ఈ రైతుకు ఏళ్లకేళ్లుగా తుస్సుమంటున్నది వానే. పత్తి, జొన్న, సజ్జ, మిరప వేసుకుని, అవీ అందని ఏడు కూలి వెతుక్కోవాలి.

ఆ కూలి 1920లలో దొరికింది. ఆ రోజుల్లో మన దేశానికి అగ్గిపెట్టెలు స్వీడన్, జపాన్‌ల నుంచి వచ్చేవి. 1922లో ప్రభుత్వం దిగుమతి సుంకం బాగా పెంచడంతో ఇక్కడే చేసి అమ్ముకునేవారికి దారి తెరుచుకుంది. శివకాశి నుంచి పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అనే ఇద్దరు దాయాదులు కలకత్తా వెళ్లి, అక్కడ అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని వచ్చారు. 1923 నాటికి శివకాశిలో పని మొదలైంది. ముందు జర్మనీ యంత్రాలు తెప్పించారు, కొద్దికాలానికే పని చేతుల మీదికి మళ్లింది. పుల్లలు పేర్చడం, ముంచడం, పెట్టెలు మడవడం వేలాది ఇళ్లలోకి పాకింది. తర్వాత ఇద్దరూ వేరుపడి ఎవరి వ్యాపారం వారు పెంచుకున్నారు.

అగ్గిపుల్లకు పొడి గాలి ఎందుకు కావాలో చెప్పాలి. పుల్ల తలలోని పొటాషియం క్లోరేటునూ మిగతా సరుకునూ పట్టి ఉంచేది ఒక రకం జిగురు. ఆ జిగురు నీటిలో కలిపిందే, నీటిని మళ్లీ పీల్చగలదు. ముంచిన తల సరిగ్గా ఎండకపోతే మెత్తగా ఉండి, పెట్టె పక్కన గీస్తే ఊడి వస్తుంది. కలకత్తాలో తేమ ఎక్కువ, శివకాశిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఆరుబయట ఎండబెట్టుకోవచ్చు. వేరే చోట కట్టెలు కాల్చి ఎండబెట్టే పనిని ఇక్కడ సూర్యుడు ఉచితంగా చేశాడు. పంటకు శాపమైన గాలి పుల్లకు పనికొచ్చింది. సాత్తూరు, కోవిల్పట్టి, గుడియాత్తం అగ్గిపెట్టెలకు పేరుపడ్డాయి. 14 ఏళ్లపాటు రూపాయికే నిలిచిన అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1 నుంచి రెండు రూపాయలైంది. ఆ రూపాయి పెరుగుదల వెనక ఎంతమంది ఆడవాళ్ల కూలి ఉందో కొనేవాళ్లం తలచుకోవాలి.

అగ్గిపుల్ల నుంచి రంగు మతాబు పుల్లకూ, దాని నుంచి టపాకాయకూ దూరం తక్కువ. అప్పటిదాకా టపాకాయలు చాలావరకు పైనుంచే వచ్చేవి, ముఖ్యంగా చైనా నుంచి. సీమటపాకాయ అన్న మన మాటే దానికి సాక్ష్యం. సీమ నుంచి వచ్చిన సరుకు కాబట్టి ఆ పేరు. శివకాశిలో చేసిన దాన్ని కూడా మనం ఇంకా సీమటపాకాయ అనే పిలుస్తున్నాం. 1940లో పేలుడు పదార్థాల నియమాలు వచ్చి, తయారీకి లైసెన్సు తప్పనిసరైంది. రెండో ప్రపంచ యుద్ధం దిగుమతులను ఆపేసింది. 1942లో స్టాండర్డ్ ఫైర్‌వర్క్స్ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి శివకాశి దారి ఖాయమైపోయింది.

ఒక సీమటపాకాయ తుస్సుమనకుండా ఉండటానికి ఎన్ని చేతులు పనిచేస్తాయో చూడండి. కాగితం చుట్టి గొట్టం చేసేవారు ఒకరు. గొట్టాలను కట్టలుగా బిగించి, ఒక కొసను మట్టితో మూసేవారు ఒకరు. మందు కూరేవారు ఒకరు. ఎక్కువ కూరితే గట్టిపడి మంట పాకదు, తక్కువైతే ఒత్తిడి చాలదు. నూలు దారాలను మందూ గంజీ కలిపిన ముద్దలో ముంచి ఎండబెట్టి ఒత్తి చేస్తారు. ఆ గంజి పూర్తిగా ఎండకపోతే ఒత్తి సగంలో ఆగుతుంది. ఒత్తి దూర్చాక గొట్టం మూతి నొక్కడంలో కొంచెం సందు మిగిలినా వాయువు తప్పించుకుంటుంది. చివర్న చిన్నవాటిని జడలా అల్లి సరాలు చేస్తారు. అల్లడంలో వేళ్లకు వచ్చే నేర్పు ఏ యంత్రానికీ సులువుగా పట్టుబడలేదు. ఇంతమంది సరిగ్గా చేస్తే ఒక చప్పుడు వస్తుంది. వాళ్లలో ఒక్కరు అలసిపోయినా మన వాకిట్లో తుస్సుమంటుంది.

దీపావళి వచ్చేది సరిగ్గా ఈశాన్య రుతుపవనాల వేళ. పండుగకు ముందు కర్మాగారాల మీద ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఆకాశంలో తడి కూడా అంత పెరుగుతుంది. నల్లమందు కాలంలో తేమ అంటే సరుకు నష్టం, అంతే. ఇప్పటి మెరుపు మందుల్లో అల్యూమినియం పొడి ఉంటుంది, అక్కడ తేమ ప్రాణానికే ముప్పు. అల్యూమినియం నీటితో కలిస్తే వేడి పుడుతుంది, హైడ్రోజన్ వస్తుంది. పక్కనే నైట్రేటు ఉంటే ఆ చర్య అమ్మోనియా వదులుతూ మరింత వేడెక్కుతుంది. రాత్రి వదిలేసిన తడి మిశ్రమం ఎవరూ తాకకుండానే తనంతట తాను అంటుకోగలదు. దీన్ని ఆపడానికి కొన్ని మిశ్రమాల్లో బోరిక్ ఆసిడ్ కలుపుతారు. కలిపిన మందును ఏ రోజుకారోజు వాడేసి, మిగిలినది దాచకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠం. పండుగ గిరాకీ తరుముతున్నప్పుడు ముందుగా గాలికి పోయేది ఆ పాఠమే.

2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో ఒక కర్మాగారం పేలి దాదాపు 40 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మొదటి పేలుడు విని సాయానికీ, చూడటానికీ వచ్చిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. 2021 ఫిబ్రవరిలో అచ్చంకుళంలో మరొకటి. అదే ఏడాది జూన్‌లో తాయిల్పట్టిలోనే, లైసెన్సు లేకుండా టపాకాయలు చేస్తున్న ఒక ఇంట్లో మందు పేలి, ఒక చిన్నారితో సహా ప్రాణాలు పోయాయి. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లలో టపాకాయలు చుట్టడం కొత్త సంగతి కాదు. కర్మాగారం కూలి చాలనప్పుడు, పిల్లలను వదిలి వెళ్లలేనప్పుడు, సరుకు ఇచ్చే దళారి గుమ్మం దాకా వచ్చినప్పుడు వంటింటి పక్కనే మందు చేరుతుంది. నియమాల ప్రకారం కర్మాగారంలో గదులు దూరదూరంగా, బయటికి పరుగెత్తేందుకు నలువైపులా తలుపులతో ఉంటాయి. ఇంటికి ఉండేది రెండే తలుపులు. ఒకటి పొయ్యి పక్కనుంచే.

ఇంగ్లీషు మాట ఈలోగా ఇంకా పెద్ద మందు దాకా పోయింది. అణుబాంబు అనుకున్న శక్తిలో కొంతే విడుదల చేసి చెదిరిపోతే శాస్త్రవేత్తలు దాన్ని ఫిజిల్ అంటారు. 1944లో అమెరికాలోని లాస్ ఆలమోస్‌లో ఎమిలియో సెగ్రే బృందం, రియాక్టరులో చేసిన ప్లుటోనియం తనంతట తానే చీలే వేగం చాలా ఎక్కువని కనిపెట్టింది. తుపాకీ పద్ధతిలో రెండు ముక్కలు కలిసేలోపే అది ముందుగా అంటుకుని తుస్సుమంటుంది. ఆ నమూనాను వదిలేసి, అన్నివైపుల నుంచీ ఒక్కసారిగా లోపలికి నొక్కే పద్ధతికి మారారు. మన దేశంలోనూ ఈ మాట పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. 1998 మే 11న పోఖ్రాన్‌లో పరీక్షించిన హైడ్రోజన్ బాంబు అనుకున్నంత శక్తి ఇవ్వలేదనీ అది ఫిజిల్ అనీ ఆ పరీక్షల్లో పనిచేసిన కె. సంతానం 2009 ఆగస్టులో అన్నారు. అణుశాస్త్రవేత్తలు ఆర్. చిదంబరం, అనిల్ కాకోద్కర్ అంకెలు చూపి గట్టిగా ఖండించారు. గాడిదల దగ్గర మొదలైన మాట కిలోటన్నుల లెక్క దాకా చేరినా అర్థం మాత్రం యేల్ కుర్రాళ్లదే. మొదలైంది, చాలలేదు.

2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తాయిల్పట్టి పని మరో మలుపు తిరిగింది. సరాలుగా అల్లిన టపాకాయలను కోర్టు నిషేధించింది. పచ్చరంగు వెలుగుకూ మరెన్నో రకాలకూ వాడే బేరియం లవణాలను కూడా. మన ఊపిరి కోసం ఆ తీర్పు అవసరమే. అయితే సరాలు అల్లి బతికిన వేళ్లకు అది తెచ్చిన ఖాళీని ఎవరూ సరిగ్గా పూడ్చలేదు. నాగపూర్‌లోని నీరి సంస్థ కొత్త మిశ్రమాలు తయారుచేసింది. వాటిలో ఒకటి స్వాస్. మండేటప్పుడు నీటి ఆవిరి వదిలి, లేచే ధూళిని అణచాలన్నది దాని ఆలోచన. నలుసు ధూళి సుమారు 30 శాతం తగ్గుతుందని నీరి అంచనా. ఆరు వందల ఏళ్లు మందు నుంచి నీటిని తరిమిన విద్య, ఇప్పుడు మంట నుంచే నీటిని రప్పించడం నేర్చుకుంటోంది.

ఆ నేర్పు పెద్ద కర్మాగారాల ప్రయోగశాలల దగ్గరే ఆగిపోతే తాయిల్పట్టి ఇళ్లకు ఏమీ మారదు. పాళ్లు కొత్తవైతే ప్రమాదాలూ కొత్తవే, కొత్త మిశ్రమం చెమ్మకు ఎలా స్పందిస్తుందో కలిపేవారికి ముందే తెలియాలి. ఇళ్లలో చుట్టేవారిని దాడులు చేసి పట్టుకోవడం పోలీసులకు తెలిసిన దారి, అరెస్టులు అయ్యాక కూడా పని వేరే ఇంటికి మారుతుందే తప్ప ఆగదు. ఊరికి దూరంగా, నలువైపులా తలుపులున్న ఉమ్మడి గదులు కట్టి, చిన్న తయారీదారులకు అక్కడే లైసెన్సు ఇచ్చి, మందు కలిపే పనిని శిక్షణ పొందినవారి చేతికి మాత్రమే అప్పగించవచ్చు. గదికొక తేమ కొలిచే పరికరం పెట్టి, ముల్లు గీత దాటిన రోజు పని ఆపి, ఆ రోజు కూలి ఇవ్వవచ్చు. దీపావళి వెలుగు మీద లాభం పొందే కంపెనీలూ, పన్ను పొందే ప్రభుత్వాలూ భరించలేని ఖర్చు కాదిది.